మసక వెలుతురులో కెమెరా: కొనేముందు తూచవలసినవి

వెలుతురు ధారాళంగా ఉన్నచోట ఏ కెమెరా అయినా మంచి కెమెరాయే. మిట్టమధ్యాహ్నం పలాస రైల్వే స్టేషన్ ముందు తీసిన ఫోటోలో మామూలు ఫోనుకూ, లక్షలు పోసి కొన్న కెమెరాకూ గల తేడాను సామాన్యుడు పట్టుకోలేడు. అసలు పరీక్ష పొద్దు వాలిన తరువాతనే మొదలవుతుంది. నికాహ్ పలుమార్లు మగ్రిబ్ తరువాతనే జరుగుతుంది. వలీమా విందు ట్యూబులైట్ల కింద సాగుతుంది. రంజాన్ నెలవంకను సంధ్య వెలుతురులోనే వెదకుతాము. ఉద్దానం తీరాన బెస్తల పడవలు తెల్లవారకముందే అలలను దాటుతాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపాన తీరం దాటినది కూడా తెల్లవారుజామునే. ఆ తరువాత రోజుల తరబడి ఎన్నో గ్రామాలలో రాత్రులు కిరోసిన్ దీపాలతోనూ, సెల్‌ఫోను టార్చీలతోనూ గడిచాయి. మన జీవితంలో గుర్తుంచుకోదగిన ఘట్టాలు ఎన్నో తక్కువ వెలుతురులోనే వస్తాయి.

ఈ మాసం మేము ఈ విషయాన్ని ఎన్నుకొనడానికి కారణం కాశీబుగ్గ నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న. ఆమె రెండేళ్లుగా ఒక స్టూడియోలో ఆల్బమ్ డిజైన్ పని చేస్తున్నారు. పెళ్లిళ్లలో ఆడవారి వైపు ఫోటోలూ, వీడియోలూ ఆడవారే తీయాలని కోరే కుటుంబాలు పెరుగుతున్నాయి. అందుకని స్వయంగా పని మొదలుపెట్టదలచారు. తల్లి జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనిచేసి కూడబెట్టిన సొమ్మే పెట్టుబడి. దుకాణదారు అందరికంటె ఖరీదైన కెమెరా చూపించాడట. బావగారు మాత్రం ఈ రోజులలో ఫోను చాలునన్నారట. “చీకటి హాళ్లలో ఫోటోకూ, వీడియోకూ రెండింటికీ పనికివచ్చే కెమెరా ఒకటి చెప్పండి” అన్నది ఆమె ప్రశ్న. ఒక ఇంటి కష్టార్జితం దీనిలో ఇమిడి ఉన్నది కనుక తొందరపడి ఒక పేరు చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. కారణాలను కూడా వివరించదలచాము. కారణం తెలిసినవారిని ఏ దుకాణదారూ తప్పుదారి పట్టించలేడు.

వెలుతురు లోనికి వచ్చే దారి

కెమెరాకు మూలమైన సూత్రాన్ని లోతుగా పరిశోధించినవారిలో అగ్రగణ్యుడు బస్రాలో జన్మించి కైరోలో జీవితం చాలించిన ఇబ్న్ అల్ హైసమ్. సుమారు వెయ్యేళ్ల క్రితం ఆయన రచించిన ‘కితాబుల్ మనాజిర్’ కాంతిశాస్త్రానికి పునాది గ్రంథాలలో ఒకటి. అంతర్జాతీయ కాంతి సంవత్సరంగా పాటించిన 2015లో ఆ గ్రంథాన్ని ప్రపంచమంతటా స్మరించుకున్నారు. ఆయన చేసిన ఒక ప్రయోగం సులభమైనది. చీకటి గదికి చిన్న రంధ్రం చేసి, దాని ఎదుట వేర్వేరు చోట్ల కొన్ని దీపాలు ఉంచాడు. లోపలి గోడ మీద ఒక్కొక్క దీపానికి ఒక్కొక్క వెలుగు మచ్చ కనిపించింది. ఒక దీపానికి అడ్డుపెడితే దాని మచ్చ మాత్రమే పోయింది. వెలుగు కిరణాలు ఒకే రంధ్రం గుండా పోయినా ఒకదానితో ఒకటి కలిసిపోవని దీనితో తేలింది.

గ్రహణాన్ని గూర్చి రాస్తూ ఆయన మరొక సంగతి కూడా గమనించాడు. రంధ్రం చిన్నదైతేనే గ్రహణ సూర్యుని నెలవంక రూపం గోడ మీద స్పష్టంగా కనబడుతుంది. పెద్దదైతే ఆ రూపం చెరిగిపోతుంది. కానీ రంధ్రం చిన్నదయ్యేకొద్దీ లోనికి వచ్చే వెలుతురు కూడా తగ్గిపోతుంది. నేటి కెమెరాలన్నీ ఈ చిక్కును తీర్చడానికి లెన్సును ఆశ్రయించాయి. లెన్సు వలన ద్వారం వెడల్పుగా ఉన్నా చిత్రం స్పష్టంగానే ఉంటుంది. తక్కువ వెలుతురులో ఏ కెమెరా గొప్పది అన్న ప్రశ్నకు కూడా సమాధానం ఇక్కడే మొదలవుతుంది: ద్వారం ఎంత వెడల్పు? తలుపు ఎంతసేపు తెరిచి ఉంచగలము? లోపల వెలుగును పట్టే పళ్లెం ఎంత పెద్దది?

ద్వారాన్ని ఎపర్చర్ అంటారు. తెరిచి ఉంచే కాలం షట్టర్ వేగం. పళ్లెం సెన్సార్. నాలుగవదిగా చెప్పే ఐఎస్‌వో వెలుతురు కాదు. లోనికి వచ్చిన కొద్దిపాటి సంకేతాన్ని పెంచి చూపే సాధనం మాత్రమే. మైకు శబ్దాన్ని పెంచితే మాటతోపాటు గరగర కూడా పెరిగినట్లే, ఐఎస్‌వోను పెంచితే చిత్రంతోపాటు చుక్కచుక్కలుగా మచ్చ కూడా పైకి తేలుతుంది. ఆ మచ్చకు ముఖ్యకారణం వెలుతురు కొరతే. వెలుతురు నాలుగు రెట్లు పెరిగితే చిత్రం శుభ్రత రెండు రెట్లవుతుంది. కనుక ఐఎస్‌వో ఎన్ని లక్షల వరకు పోతుందని పెట్టె మీద రాసిన అంకెను చూసి మురిసిపోకూడదు.

ముందు లెన్సు, ఆ తరువాతనే కెమెరా

చాలా కెమెరాలతోపాటు 18–55 మిల్లీమీటర్ల లెన్సు ఒకటి ఇస్తారు. దూరపు ముఖాన్ని దగ్గరకు తెచ్చుకొన్నప్పుడు దాని ద్వారం ఎఫ్ 5.6 వరకు కుంచించుకుపోతుంది. విడిగా దొరికే 50 మిల్లీమీటర్ల చిన్న లెన్సుకు ద్వారం ఎఫ్ 1.8. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ ద్వారం వెడల్పవుతుందని గుర్తుంచుకోవాలి. ఈ రెండింటి మధ్య వెలుతురు తేడా దాదాపు పది రెట్లు. అంటే వలీమా హాలులో ఎఫ్ 1.8 లెన్సుతో ఐఎస్‌వో 1600 వద్ద వచ్చే ఫోటో, పెట్టెలో వచ్చిన లెన్సుతో అదే షట్టర్ వేగానికి ఐఎస్‌వో 16000కు దగ్గరగా అడుగుతుంది. మొదటిది ఆల్బమ్‌కు పనికివస్తుంది. రెండవ దానిలో వధువు దుపట్టా మీది జరీ పని మచ్చలో కలిసిపోతుంది.

ఇప్పుడు సెన్సార్ల సంగతి. ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్ కొలత 36×24 మిల్లీమీటర్లు. సోనీ, నికాన్, ఫ్యూజీ కెమెరాలలోని ఏపీఎస్-సి సెన్సార్ సుమారు 23.5×15.6 మిల్లీమీటర్లు, కెనాన్‌ది ఇంకొంచెం చిన్నది. పానసోనిక్ జీహెచ్ వరుసలో ఉండే మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సార్ 17.3×13 మిల్లీమీటర్లు. వైశాల్యంలో ఫుల్‌ఫ్రేమ్ ఏపీఎస్-సికి దాదాపు 2.4 రెట్లు, మైక్రో ఫోర్ థర్డ్స్‌కు 3.8 రెట్లు. పళ్లెం పెద్దదైతే అంత ఎక్కువ వెలుగు పడుతుంది. అయినా ఈ 2.4 రెట్ల లాభం కోసం లక్ష రూపాయలు అదనంగా పెట్టి, పది రెట్ల లాభమిచ్చే చవుక లెన్సును కొనకుండా ఉండడం తెలివైన పని కాదు. మేము చూసినంతలో కొత్తగా పని మొదలుపెట్టేవారు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. సొమ్మంతా కెమెరాకు పోతుంది, లెన్సుకు మిగలదు.

ఇంకొక మెలిక కూడా ఉన్నది. ద్వారం వెడల్పైతే ఫోకస్ పడే లోతు తగ్గుతుంది. ఎఫ్ 1.8 వద్ద వధువు కన్ను స్పష్టంగా ఉంటుంది; పక్కన ఒక అడుగు వెనుక నిలబడిన పెద్దమ్మ మసకబారుతుంది. కుటుంబమంతా వరుసలలో కూర్చున్న ఫోటోకు ఎఫ్ 4, ఎఫ్ 5.6 వరకు మూయక తప్పదు. అప్పుడు ఏపీఎస్-సి కెమెరాలో ఎఫ్ 1.8 ఇచ్చే లోతును ఫుల్‌ఫ్రేమ్‌లో పొందాలంటే దాదాపు ఎఫ్ 2.7 పెట్టవలసి వస్తుంది. దానితో పెద్ద సెన్సార్ ఇచ్చిన లాభం చాలావరకు తిరిగి పోతుంది. గుంపు ఫోటోలకు పెద్ద కెమెరా కన్న అదనపు దీపమే మేలు. ఫ్లాష్‌ను ముఖాల మీదికి కొట్టకుండా తెల్లని పైకప్పు వైపు తిప్పితే వెలుగు మెత్తగా పరుచుకొంటుంది. పైన రంగు గుడ్డల పందిరి ఉంటే మాత్రం ఆ రంగే ముఖాల మీదికి దిగుతుంది. అటువంటి చోట పక్కన తెల్లగోడ వెదకుకోవాలి.

ఫోటోకు ఒక నీతి, వీడియోకు ఒక నీతి

ఒకే కెమెరా రెండింటికీ సమానంగా సరిపోదని మేము చెప్పడానికి కారణం కాలం. ఫోటోలో తలుపు తెరిచి ఉంచే కాలం మన చేతిలో ఉంటుంది. అలంకరించిన వేదికను, సద్దుమణిగిన మస్జిదు ఆవరణను, కదలని వస్తువులను తీసేటప్పుడు ట్రైపాడ్ మీద ఒక సెకను తెరిచినా నష్టం లేదు. చేతితో పట్టుకొన్నప్పుడు కెమెరా లోపలి స్టెబిలైజేషన్ మన చేతి వణుకును కాచుకొంటుంది. కానీ అది ఎదుటివారి కదలికను ఆపలేదు. కూర్చున్నవారికి సెకనులో 60వ వంతు నుంచి 125వ వంతు వరకు, పరుగెత్తే పిల్లలకు 250వ వంతు వేగం కావాలి.

వీడియోకు ఈ స్వేచ్ఛ లేదు. సెకనుకు 25 చిత్రాలు తీసేటప్పుడు ఒక్కొక్క చిత్రానికి 25వ వంతు సెకను కన్న ఎక్కువ కాలం దొరకదు. కదలిక సహజంగా కనబడాలంటే సాధారణంగా 50వ వంతు దగ్గర ఉంచుతారు. మన దేశంలో విద్యుత్తు 50 హెర్ట్జ్ కనుక పాత ట్యూబులైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టర్‌ను 50వ వంతుకో, 100వ వంతుకో పెడితే ఆ మినుకు వీడియోలో పడదు. కెమెరాను అమెరికా పద్ధతిలో సెకనుకు 30 చిత్రాలకు, 60వ వంతుకు వదిలేస్తే తెర మీద చీకటి పట్టీలు పాకుతాయి. కొత్త కెమెరా కొన్నవారు మొదట మెనూలోకి పోయి పాల్ పద్ధతిని ఎన్నుకోవాలి. చవుకరకం ఎల్‌ఈడీ సీరియల్ దీపాలు మరో లెక్కన మినుకుతాయి కనుక హాలుకు ముందుగా పోయి ఒక నిమిషం వీడియో తీసి చూసుకొనడం మంచిది.

ఫోటోను ‘రా’ ఫైలుగా తీస్తే ఆ తరువాత కంప్యూటరులో మచ్చను నెమ్మదిగా తుడవవచ్చు; నీడలను కొంత పైకి తేవచ్చు. చవుక కెమెరాల వీడియో అక్కడికక్కడే నొక్కి చిన్నది చేసిన ఫైలు. దానిలో చీకటి భాగాలను పైకి లాగితే ముక్కలుముక్కలుగా విరిగిపోతుంది. 10 బిట్ల వీడియో ఇచ్చే కెమెరాలు ఈ విషయంలో మేలు. వీడియో తీస్తున్నంతసేపు చీకటిలో ఫోకస్ తనంతట తాను నిలవాలి. ఫోటోలో ఒకటి తప్పితే మరొకటి తీసుకోవచ్చు. నికాహ్‌లో ‘ఖబూల్’ అన్న మాటను మళ్లీ చెప్పించలేము.

ఏ కెమెరా దేనికి

కెనాన్ 1500డి 2018 నుంచి మన స్టూడియోలలో కనిపిస్తున్న కెమెరా. 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సి సెన్సార్ కనుక ఎఫ్ 1.8 లెన్సుతో ఫోటోలు గౌరవంగానే వస్తాయి. వీడియోలో 4కె లేదు. పైగా తెర మీద చూస్తూ తీసేటప్పుడు చీకటిలో ఫోకస్ ముందుకూ వెనుకకూ వెదకులాడుతుంది. 2019లో వచ్చిన కెనాన్ 200డి రెండవ తరంలో మామూలు హెచ్‌డీ వీడియోకు ఫోకస్ చక్కగా నిలుస్తుంది. 4కె పెట్టగానే చిత్రం అంచులు కోసుకుపోతాయి, ఆ మంచి ఫోకస్ పద్ధతి కూడా ఉండదు. పెట్టె మీద ‘4కె’ అన్న అక్షరాలు చూసి కొన్నవారు చీకటి హాలులో హెచ్‌డీకే తిరిగి రావలసి ఉంటుంది.

సోనీ ఏ6400 2019లో, దానికి దగ్గర బంధువైన జెడ్‌వీ-ఈ10 2021లో, కెనాన్ ఆర్50 2023లో వచ్చాయి. మూడూ 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సి కెమెరాలే. సెకనుకు 25 చిత్రాల వద్ద సెన్సార్ వెడల్పంతటినీ చదివి 4కెగా కుదిస్తాయి కనుక వీడియో శుభ్రంగా ఉంటుంది. మనిషి ముఖాన్ని పట్టుకొని ఫోకస్ నిలుపుతాయి. మూడింటిలోనూ సెన్సార్‌ను కదిలించే స్టెబిలైజేషన్ లేదు. కనుక వీడియోకు మోనోపాడ్ గాని, గింబల్ గాని ఉండవలసినదే. పరిమితమైన పెట్టుబడితో మొదలుపెట్టేవారికి ఈ వర్గమే తగినదని మా అభిప్రాయం.

ఫుల్‌ఫ్రేమ్‌లో సోనీ ఏ7 మూడవ తరం 2018లో వచ్చినది. 24 మెగాపిక్సెళ్లు, లోపలి స్టెబిలైజేషన్, రెండు కార్డులకు చోటు ఉన్నాయి. వీడియో 8 బిట్లదే. సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే ఫోటో పనికి గట్టి నేస్తం. నికాన్ జెడ్6 రెండవ తరం 2020లో, కెనాన్ ఆర్6 రెండవ తరం 2022లో, పానసోనిక్ ఎస్5 రెండవ తరం 2023లో వచ్చాయి. ఫోటో, వీడియో రెండింటినీ ఒకే స్థాయిలో కోరేవారికి ఇవి మధ్యేమార్గం. కార్డులు రెండు ఉండడం వలన ఒకటి చెడినా పెళ్లి పోదు.

తక్కువ వెలుతురు అనగానే అందరూ చెప్పే పేరు సోనీ ఏ7ఎస్. మొదటి తరం 2014లో, మూడవ తరం 2020లో వచ్చాయి. మూడవ తరానికి 12 మెగాపిక్సెళ్లు మాత్రమే. సెన్సార్ మొత్తాన్ని వేగంగా చదువుతుంది. సెకనుకు 120 చిత్రాల వరకు 4కె ఇస్తుంది. ఎస్-లాగ్ పద్ధతిలో ఐఎస్‌వో 12800 వద్ద రెండవ మూలస్థాయి ఉండడంతో చీకటి వీడియోలో నీడలు శుభ్రంగా నిలుస్తాయి. 2018లో వచ్చిన పానసోనిక్ జీహెచ్5ఎస్ కూడా ఈ దారిలోదే: 10.2 మెగాపిక్సెళ్లతో, ఐఎస్‌వో 400, 2500 అన్న రెండు మూలస్థాయిలతో వచ్చినది. కానీ సెన్సార్ చిన్నది; లోపలి స్టెబిలైజేషన్ లేదు.

అయితే వీడియోకు రాజైన ఏ7ఎస్ ఫోటోకు కూడా రాజేనా? మన పెళ్లి ఆల్బమ్‌లో విప్పిన షీటు కొలత తరచుగా 12×36 అంగుళాలు. ఏ7ఎస్ మూడవ తరం ఫోటో వెడల్పు 4240 పిక్సెళ్లు. దానిని 36 అంగుళాలకు పరిస్తే అంగుళానికి సుమారు 118 చుక్కలు. 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో వెడల్పు 6000 పిక్సెళ్లు; అంగుళానికి సుమారు 167 చుక్కలు. ఆల్బమ్ చేతిలోకి తీసుకొన్నవారు దగ్గరగా పెట్టుకొని చూస్తారు, తేడా కనబడుతుంది. మచ్చ విషయంలోనూ రెండు ఫోటోలను ఒకే కొలతకు ముద్రిస్తే, సెన్సార్ వైశాల్యం సమానమే గనుక తేడా స్వల్పం. పిక్సెల్ పెద్దదైతే ఫోటో తప్పక శుభ్రంగా వస్తుందన్న మాట సగమే నిజం. వీడియో మాత్రమే తీసేవారు ఏ7ఎస్ వైపు చూడవచ్చు. ఫోటోతో అన్నం తినేవారు 24 మెగాపిక్సెళ్ల దగ్గర ఆగడం మేలు.

ఇక బావగారి ఫోను. ఫోను రాత్రి పద్ధతిలో వరుసగా ఎన్నో చిత్రాలు తీసి ఒకటిగా కలుపుతుంది. కదలని కట్టడానికి ఫలితం అద్భుతమే. వధువు నవ్వి తల తిప్పితే ఆ కలయిక చెదురుతుంది. వీడియోలో ఆ సౌలభ్యం అంతగా అందదు. ఇంటి జ్ఞాపకానికి ఫోను చాలు. డబ్బు తీసుకొని ఇచ్చే పనికి చాలదు.

మా సలహా

కాశీబుగ్గ సోదరికి మా సలహా ఇది. వీడియోలో ముఖాన్ని విడవని ఏపీఎస్-సి కెమెరా ఒకటి. దానికి 30 లేదా 35 మిల్లీమీటర్ల దరిదాపులో వెడల్పు ద్వారపు లెన్సు ఒకటి, ముఖచిత్రాలకు 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 ఒకటి, పైకప్పు వైపు తిరిగే ఫ్లాష్, చిన్న ఎల్‌ఈడీ దీపం, మోనోపాడ్, మూడు బ్యాటరీలు, కార్డులు. 50 మిల్లీమీటర్ల లెన్సు ఏపీఎస్-సి మీద దృశ్యాన్ని దగ్గరగా లాగుతుంది కనుక ఇరుకు గదులలో అదొక్కటే ఉంటే గోడకు ఆనుకోవలసి వస్తుంది. అందుకే మరొకటి కూడా చెప్పాము. కార్డుకు ఒకే చోటున్న కెమెరా అయితే ప్రతి ఘట్టం తరువాత కార్డు మార్చి, పాతదానిని వేరుగా భద్రపరచుకోవాలి. ఫుల్‌ఫ్రేమ్ కావలసిన పెద్ద పెళ్లి వస్తే ఆ ఒక్క రోజుకు అద్దెకు తెచ్చుకోవచ్చు. అద్దెకు తెచ్చి రెండు మూడు పెళ్లిళ్లు తీస్తే, ఏది కొనాలో అనుభవమే చెబుతుంది.

సొమ్మంతా వడ్డీ కిస్తుల మీద పెట్టి ఖరీదైనది కొనవద్దని గట్టిగా చెప్పదలచాము. ఆషాఢంలో హిందూ సోదరుల ఇళ్లలో పెళ్లిళ్లు ఆగిపోతాయి. రంజాన్‌లో, చాలాచోట్ల ముహర్రంలో మన ఇళ్లలోనూ జరగవు. కిస్తు మాత్రం ఏ నెలా ఆగదు.

సెకండ్‌హ్యాండ్ కొనేవారు చీకటి గదిలో లెన్సు గుండా టార్చి వేసి చూడాలి. సాలెగూడులా సన్నని దారాలు కనబడితే అది బూజు. ఎంత చవుకైనా వద్దనాలి. ఉద్దానం గాలిలో తేమ, ఉప్పు రెండూ ఎక్కువే. బారువ, భావనపాడు వంటి తీరాలలో పనిచేసి వచ్చిన రోజున మెత్తటి గుడ్డను కొద్దిగా తడిపి కెమెరా పైభాగాన్ని తుడిచి, ఆరనిచ్చి, సిలికా జెల్ ఉంచిన గాలిచొరని డబ్బాలో పెట్టాలి. ఏసీ గది నుంచి ఉక్కపోతలోకి తెచ్చిన వెంటనే లెన్సు మీద ఆవిరి పడుతుంది. కాసేపు సంచిలోనే ఉంచి తీయాలి. దుకాణంలో పరీక్షించేటప్పుడు కూడా అక్కడి తెల్లని దీపాల కింద కాక, సాయంత్రం వీధిలో ఒక ముఖాన్ని తీసి చూడాలి.

మన ప్రాంతపు చీకట్లు

మన తీరానికి సముద్రం తూర్పు దిక్కున ఉన్నది. నెలవంక దిగేది పడమట. సోంపేట, బారువల నుంచి చూస్తే ఆ వైపున మహేంద్రగిరి వరుస అడ్డుగా లేస్తుంది. లేత నెలవంక అసలు దిగంతానికి చేరకముందే కొండ వెనుక దాగిపోతుంది. అందువలన పడమర తెరిపిగా కనబడే చోటును ముందు రోజే చూసిపెట్టుకోవాలి. ఇక్కడ చీకటి కన్న వెలుగుతోనే చిక్కు: సంధ్యాకాంతిలో సన్నని గీత కలిసిపోతుంది. 200 మిల్లీమీటర్లు లేక అంతకు మించిన లెన్సు, ట్రైపాడ్, దూరపు చెట్ల వరుస మీద చేతితో నిలిపిన ఫోకస్, రెండు సెకన్ల టైమరు కావాలి. షట్టర్ కాలం సెకను లోపలనే ఉంచాలి. అంతకు మించితే చంద్రుని కదలిక వలన గీత మందమవుతుంది. ఫోటో జ్ఞాపకానికే. నెల నిర్ణయం దానిని చూడవలసిన పెద్దలదే.

జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రివేళ మన ఇసుకతిన్నెల మీదికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు రక్షణ పొందిన జీవి అది. ఫ్లాష్ మెరిస్తే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనుదిరిగే ప్రమాదం ఉన్నది. టార్చి వెలుగు పిల్లలను సముద్రానికి బదులు ఒడ్డు వైపు నడిపిస్తుంది. ఇటువంటి చోట ఎంత గొప్ప కెమెరా ఉన్నా అటవీశాఖ సిబ్బంది అనుమతి లేకుండా దరిచేరకూడదు; ఫ్లాష్ అసలే వాడకూడదు. టెక్కలి సమీపంలోని తేలినీలాపురంలో చెట్ల మీద గూళ్లు కట్టే గూడకొంగలకూ ఇదే మర్యాద. కెమెరా చీకటిలో చూడగలగడం వలన కలిగే అసలైన మేలు ఇదే: ఇతర ప్రాణిని బాధించకుండా చూడగలుగుతాము.

తుఫాను రాత్రులలో మరొక జాగ్రత్త. పడిపోయిన కొబ్బరిచెట్లను, కూలిన ఇంటిని నష్టపరిహారం కోసం ఫోటో తీసేవారు అందానికి కాక స్పష్టతకు ప్రాధాన్యమివ్వాలి. తెగిన కరెంటు తీగలున్న చోటికి చీకటిలో పోనేకూడదు. తెల్లవారిన తరువాత మొత్తం తోట కనబడేటట్టు ఒకటి, దగ్గరగా ఒకటి, ఇంటి యజమాని నిలబడినది ఒకటి తీసి, కెమెరాలో తేదీ సరిగా ఉన్నదో లేదో చూసుకోవాలి.

చివరగా ముఖ్యమైన మాట. చీకటిలో ముఖాన్ని పట్టగల కెమెరా చేతికి రాగానే, ఎదుటివారికి తెలియకుండా తీయగల శక్తి కూడా వస్తుంది. ఉద్దానం మూత్రపిండాల వ్యాధి వార్తలకెక్కినప్పటి నుంచి ఎందరో ఇక్కడి రోగులను కెమెరాలలో బంధించారు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైనది. మంచం మీద ఉన్నవారి ముఖం వారి అనుమతి లేనిదే ఎవరి సొత్తూ కాదు. ఆడవారి వైపు పెళ్లి ఫోటోల సంగతి ఇంకా సున్నితం. ఎవరెవరిని తీయవచ్చునో ముందే అడగాలి. వద్దన్నవారిని వెనుక వరుసలోనైనా పట్టకూడదు. ఫోటోలు ఏ కంప్యూటరులో ఉంటాయో, ఎవరు ఎడిట్ చేస్తారో, ఎన్నాళ్లకు చెరిపివేస్తారో ఇంటి పెద్దలకు చెప్పాలి. ప్రచారం కోసం ఒక్క చిత్రమైనా బయట పెట్టేముందు ఆ ముఖం గలవారి సమ్మతి తీసుకోవాలి.

ఆ కార్డు మీద ఉన్నది మరొక ఇంటి అమానత్. దానిని కాపాడగలరన్న పేరు వచ్చినవారిని జనం ఏ కెమెరా వాడుతున్నారని అడగరు. వచ్చే పెళ్లికి తేదీ ఖాళీగా ఉన్నదా అనే అడుగుతారు.